మంచం పక్క గ్లాసు

పొద్దున్నే ఆయన మంచం పక్కనున్న గ్లాసు తీసి వాసన చూడటం ఆవిడకు అలవాటు. ఆయన తాగుడు మానేసి ఏళ్లయింది. వీధంతా నమ్మింది గానీ ఆవిడ ముక్కు నమ్మలేదు. ఉత్త మంచినీళ్లలోనూ ఆ పాత వాసనే తగిలేది. ఆయన బస్సు తోలడానికి వెళ్లిపోయాక, ఖాళీ గదిలోనూ తగిలేది. ఆ పాత మనిషి ఇంట్లోనే ఎక్కడో నక్కి ఉన్నాడని ఆవిడ భయం.

ఆ రోజు ఆయన ఖాకీ ప్యాంటు తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "నడుం దగ్గర ఇంకాస్త వదులు చెయ్యవే. గుండీ పట్టడం లేదు."

"విప్పడానికి ఇంకా గుడ్డ మిగిలితేగా," అంటూ తలెత్తి చూసింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. ఆయన తమ్ముడు తాగి తాగి ఇలాంటి పొట్టతోనే పోయాడు. ఆవిడ సూది పక్కన పెట్టేసింది.

"మళ్లీ మొదలెట్టారు కదూ?"

"లేదే. అన్నమే సయించడం లేదు."

"మరి గాలి తాగితే వచ్చిందా ఈ పొట్ట?"

"డాక్టరుకి చూపిద్దామమ్మా," అంది కూతురు.

"డాక్టరెందుకు? నీ మీద ఒట్టేసి చెప్పమను."

ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "ముట్టలేదు."

"తాగే రోజుల్లోనూ ఇలాగే ఒట్టు పెట్టేవారు."

ఆ మాటకు ఆయన చెయ్యి తీసేశాడు. ప్యాంటుకు పిన్నీసు పెట్టుకుని డ్యూటీకి బయల్దేరబోతే, కూతురు బలవంతాన ఆసుపత్రికి లాక్కెళ్లింది. స్కానింగు చూసి ఆపరేషన్ చెయ్యాలన్నారు.

ఆపరేషనయ్యాక సర్జను తల్లీకూతుళ్లను పిలిచింది. "అపెండిక్సులో అరుదైన కణితి. ఎప్పుడో పగిలి, జిగురు కారుతూ పొట్టంతా నిండింది. చాలామందికి నొప్పి కూడా ఉండదు, పొట్ట పెరుగుతుందంతే. తీయగలిగినంతా తీశాం. మళ్లీ రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలి."

"తాగుడు వల్లేనా డాక్టరమ్మా?" అంది ఆవిడ.

"దీనికీ తాగుడుకీ సంబంధం లేదండీ. లివరు బాగానే ఉంది."

ఇన్ని నెలలూ ఆ ప్యాంటు కుట్లు విప్పింది తనే, చివరికి తిట్టిందీ తనే.

నీళ్లు తాగొచ్చని నర్సు చెప్పిన రోజు, ఆవిడే గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన నోటి దాకా తీసుకెళ్లి ఆగి, గ్లాసు ఆవిడ ముక్కు దగ్గరికి చాపాడు. వెటకారం కాదు, అలవాటు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. "ఇంకెప్పుడూ వాసన చూడనండీ."

"చూస్తూనే ఉండవే," అన్నాడాయన నీరసంగా. "పొద్దున్నే నువ్వు చూస్తావనేగా, ఇన్నేళ్లూ ముట్టలేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుని వంగి వాసన చూసింది.

ఉత్త నీళ్లే.