లైన్ క్లియర్

చీకట్లో వాడు పరుగెడుతున్నాడు.

వెనకాలే ఆమె!

వీధి వీధంతా కరెంటు లేదు. ఇళ్లల్లో అన్నాల వేళ. కిటికీల్లో ఫోన్ల వెలుగులు... వాటి వెనక కంపెనీని తిట్టే తిట్లు. పిల్లలు కూడా తిడుతున్నారు.

మలుపులో పెద్ద బోర్డు. ‘కోతలు లేని దేశం... మా సేవే మీ వెలుగు!’

బోర్డు మీది లైట్లు కూడా ఆరిపోయి ఉన్నాయి.

దాన్ని దాటుతుంటే ఆమెకు ఉమ్మేయాలనిపించింది. ఊపిరి చాల్లేదు.

ఆమె జాతీయ విద్యుత్ పంపిణీ కంపెనీలో విజిలెన్స్ ఇంజినీరు. కంపెనీ సొత్తు దొంగిలించేవాళ్లను పట్టుకోవడం ఆమె పని. పట్టుకోకపోతే ఇంకా సంతోషం అన్నట్టు ఉంటారు పైవాళ్లు. వెనకాల ఆమెను ‘ఫ్యూజు’ అంటారు. వెళ్లిన ప్రతిచోటా ఎవరిదో ఒకరిది పీకేసి వస్తుందని!

కొన్నాళ్లుగా ఈ పేటలో ట్రాన్స్‌ఫార్మర్లు ఖాళీ అవుతున్నాయి. లోపలి నూనె మాయం. రాగి మాయం. డైరెక్టరుగారు మీటింగులో ఒక్క ముక్కలో తేల్చేశారు... ఉడుతలు! ఉడుతలు దూరి పాడుచేస్తున్నాయట.

ఉడుతలు నూనెను డబ్బాల్లో పట్టుకుపోతాయా అని ఆమె అడిగింది.

డైరెక్టరుగారు టీ తాగారు. చుట్టూ ఉన్న పెద్దమనుషులంతా టీ తాగారు.

ఆ ఉడుతే ఇప్పుడు ఆమె ముందు పరుగెడుతోంది. ప్యాంటు వేసుకుని... భుజాన సంచి తగిలించుకుని!

కానీ ఆమెకు కావలసింది ఉడుత కాదు. కరెంటున్న లైను మీద చెయ్యివేసే పిచ్చివాడు దొంగల్లో ఉండడు. దొంగతనం జరిగిన ప్రతిసారీ లైను ముందే ఆగిపోయి ఉంటోంది. అంటే లోపలివాడెవడో ఆపుతున్నాడు. జీతం ఒక చేత్తో, వాటా ఒక చేత్తో తీసుకుంటున్న ఆ పెద్దమనిషి పేరు కావాలి ఆమెకు.

కుడివైపు ప్రసూతి ఆసుపత్రి.

వాడు గేటెక్కి దూకాడు. సంచి జారి కింద పడింది. తీసుకోవడానికి ఆగలేదు.

ఆమె దూకింది. మోచెయ్యి గీసుకుపోయింది.

ఆవరణ మూలన రెండు స్తంభాలు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు. వాడు స్తంభం ఎక్కేస్తున్నాడు... ఇనుప కమ్మీలు పట్టుకుని, చకచకా! పై నుంచి పక్కింటి డాబా మీదికి దూకితే ఇక దొరకడు.

కాలు జారింది!

రెండు కమ్మీల సందులో మోకాలు ఇరుక్కుంది. వాడు గుంజుకున్నాడు. రాలేదు. మళ్లీ గుంజుకున్నాడు. వాడి భుజానికి జానెడు దూరంలో తీగలు!

ఆమె కింద నిలబడి టార్చి వేసింది. నలభై ఏళ్ల మనిషి. చెమటలు కారుతున్నాయి.

“మేడమ్... కాలు రావట్లేదు.”

“మంచిదేగా. లైను ఆపిందెవరు?”

“ముందు దించండి మేడమ్. ఆయన చెప్పిన టైము అయిపోవచ్చింది. కరెంటు పెట్టేస్తాడు. నేను దిగానో లేదో కూడా చూడడు.”

కరెంటొస్తే వాడు బొగ్గవుతాడు. వాడితోపాటే ఆ పేరు కూడా!

ఫోను తీసింది.

కంట్రోల్ రూముకి ఒకప్పుడు నేరుగా నంబరుండేది. ‘సేవల అభివృద్ధి’ అని చెప్పి దాన్ని పీకేశారు. ఇప్పుడు సొంత ఇంజినీర్లయినా సరే వినియోగదారుల నంబరుకే చెయ్యాలి. తేనె పూసిన గొంతొకటి పలికింది. మీ కాల్ మాకు ఎంతో విలువైనది... మెరుగైన సేవ కోసం మీ సంభాషణ రికార్డు చేయబడుతుంది...

రికార్డవుతుందని కంపెనీలో అందరికీ తెలుసు. ఎవడూ వినడనీ అందరికీ తెలుసు.

ఆమె పళ్లు కొరుకుతూ నంబర్లు నొక్కింది. ఇది నొక్కు... అది నొక్కు...

“కంట్రోల్ రూమ్.”

ప్రాణం లేచొచ్చింది. బావ!

అక్క మొగుడు. ఈ పూట షిఫ్టు ఇన్‌చార్జి. ఆ దిక్కుమాలిన కంపెనీలో ఆమె గౌరవించే ఒకే ఒక్క మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెకు లైను పని నేర్పినవాడు.

గబగబా చెప్పింది. ఆసుపత్రి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర దొంగ దొరికాడని. స్తంభం మీద ఇరుక్కుపోయాడని. దించితే లోపలివాడెవడో చెప్పేలా ఉన్నాడని.

అవతల కుర్చీ కిర్రుమంది.

“పేరు చెప్పాడా?”

“ఇంకా లేదు. నాకు లైన్ క్లియర్ కావాలి బావా.”

లైన్ క్లియర్. లైను మీదికి ఎక్కేవాళ్లు కంట్రోల్ రూముని అడిగి తీసుకునే మాట. ఒకసారి ఇచ్చాక, తీసుకున్న మనిషి తన నోటితో వాపసిచ్చేదాకా ఆ లైనులో కరెంటు పెట్టకూడదు. డైరెక్టరు చెప్పినా పెట్టకూడదు. దేశమంతా చీకట్లో ఉన్నా పెట్టకూడదు.

“ఇచ్చాను. ఎక్కు” అన్నాడు బావ. “అవునూ, గొలుసుందా నీ దగ్గర?”

“ఎక్కడిది బావా? కంపెనీ కొన్న గొలుసులన్నీ కాగితాల మీదేగా.”

“ఫర్వాలేదులే. నేనున్నాగా. వాడి దగ్గరికి చేరాక ఒక్క మాట చెప్పు.”

ఫోను పెట్టేసింది. ఒక కాలు కమ్మీ మీద వేసింది.

ఆగిపోయింది.

ఫర్వాలేదులే...?

లైను ఆపామని ఎవరు చెప్పినా, ముందు తీగల మీద గొలుసు వేసి, దాని కొసను భూమిలోని ఎర్తు పైపుకు బిగించాలి. ఆ తర్వాత ఎవడైనా పొరపాటున కరెంటు పెట్టినా అది గొలుసులోంచి భూమిలోకి పోతుంది, మనిషి బతుకుతాడు. గొలుసు వెయ్యకుండా ఎక్కిందని మొదటిరోజే ఆమెను అందరి ముందూ స్తంభం దింపించిన మనిషి బావ. నా మాట కూడా నమ్మకు, గొలుసునే నమ్ము అని ఎండలో నిలబెట్టి తిట్టిన మనిషి!

ఆ నోటి నుంచి... ఫర్వాలేదా?

పైగా చేరాక చెప్పమంటాడు. లైన్ క్లియర్ ఇచ్చినవాడికి అదెందుకు? వాపసు వచ్చేదాకా ఎదురుచూడటమేగా వాడి పని!

ఛీ. సొంత బావను అనుమానిస్తావా? తనను తానే తిట్టుకుంది. అయినా కాలు కమ్మీ మీంచి దించింది.

“గొలుసుందా నీ దగ్గర?” పైకి చూసి అడిగింది.

“సంచిలో ఉంది మేడమ్.”

గేటు దగ్గరికి పరుగెత్తింది. సంచి గుమ్మరించింది. రెంచీలు... ఖాళీ డబ్బా... అడుగున గొలుసు. మెరిసిపోతోంది. కొసన కంపెనీ ముద్ర!

కంపెనీ జీపులో లేని గొలుసు దొంగ సంచిలో ఉంది. ఉడుతలకున్న శ్రద్ధ డైరెక్టర్లకు లేదు.

ట్రాన్స్‌ఫార్మరుకు వేస్తే వాడికి దగ్గరవుతుంది. అందుకే బయటికెళ్లి, లైను వచ్చే వైపు ముందు స్తంభం చూసుకుంది. గొలుసు ఒక కొస ఎర్తు పైపుకు బిగించింది. రెండో కొస పైకి విసిరింది. తీగల దాకా పోలేదు. మళ్లీ విసిరింది... ఈసారి మూడు తీగల మీదా పడింది!

ఏమీ కాలేదు. లైను ఆగే ఉంది.

చూశావా, బావ మంచివాడే. కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గేసింది.

వెనక్కి పరుగెత్తింది. ఎక్కింది. వాడి ప్యాంటు చింపి, మోకాలు మెలితిప్పి లాగింది. వాడు పళ్ల బిగువున ఓర్చుకున్నాడు. కాలు ఊడొచ్చింది. ఇద్దరూ జారుతూ పడుతూ దిగారు. వాణ్ణి గోడకి ఆనించి కూర్చోబెట్టింది.

“ఇప్పుడు చెప్పు. ఎవరు?”

“పేరు తెలీదు మేడమ్. మొహం కూడా చూళ్లేదు. గొంతే తెలుసు. కంట్రోల్ రూము నుంచి మాట్లాడతాడు. నాకు భయమేస్తుందంటే ఒకటే మాట... ఫర్వాలేదులే, నేనున్నాగా అంటాడు.”

ఇందాక ఫోనులో విన్న మాటే!

అక్క గుర్తొచ్చింది. పోయినేడు కట్టిన మేడ గుర్తొచ్చింది. బావ కష్టార్జితం అని అక్క పొంగిపోతూ గదిగదీ తిప్పి చూపించింది. తనూ ముచ్చటపడి చూసింది. ఎంత వెధవను చేశాడు!

మళ్లీ ఫోను తీసింది. మళ్లీ తేనె గొంతు. మీ సంభాషణ రికార్డు చేయబడుతుంది...

స్పీకరు పెట్టింది. వాణ్ణి నోరెత్తవద్దని సైగ చేసింది. బావ ఎత్తాడు.

“బావా... పైకి చేరాను. వాడి చెయ్యి పట్టుకున్నా.”

గోడ పక్కన కూర్చున్నవాడు ఉలిక్కిపడ్డాడు. అవతల ఏసీ చప్పుడు వినిపిస్తోంది. అక్కడ మౌసు నొక్కితే చాలు, ఇక్కడ లైనులోకి కరెంటొస్తుంది. అదీ కంపెనీ సాధించిన అభివృద్ధి.

వద్దు బావా... మనసులో అనుకుంది. నొక్కకు... నన్ను తప్పని నిరూపించు.

“గట్టిగా పట్టుకో మరదలా” అన్నాడు బావ. ఎంతో ప్రేమగా.

ఢాం!!

వీధి నీలంగా వెలిగింది! ముందు స్తంభం మీద గొలుసు నిప్పులు కక్కుతూ తెగి పడింది. ఆసుపత్రిలో ఎవరో కెవ్వుమన్నారు. మరుక్షణం మళ్లీ చీకటి.



ఫోనులోంచి మెల్లగా పిలుపు.

“మరదలా...?”

ఆమె పలకలేదు.

“మరదలా...?”

తర్వాత నిట్టూర్పు. ఏడుపు కాదు. భయం కాదు. పెద్ద బరువు దిగిపోయిన మనిషి విడిచే ఊపిరి. దాంతో ఆమెకు ఇక అతని మీద మిగిలిందంతా అసహ్యమే.

“బావా” అంది. “లైన్ క్లియర్ నేనింకా వాపసివ్వలేదు.”

అవతల ఏదో కింద పడి పగిలింది. బావ ఫోను పెట్టేశాడు.

వెంటనే తేనె గొంతు అందుకుంది.

“మీ సంభాషణ భద్రపరచబడింది. మా సేవతో మీరు సంతృప్తి చెందినట్లయితే, దయచేసి ఒకటి నొక్కండి.”

ఆమె ఒకటి నొక్కింది.