చీటీ లేని బస్తాలు

గేటు పడుతోంది!

కొత్తవలస రైల్వే గేటు. చీకట్లో ఎర్రదీపం ఊగుతోంది. లారీ అప్పుడే దాటేసింది. దాని వెనక దీపం ఒక్కటే కనిపిస్తోంది.

జగన్నాధం మోటారు సైకిల్ ఆపడం లేదు.

"మావా! గేటు... గేటు!" వెనక కూర్చున్న భార్య దేముడమ్మ అతని చొక్కా పట్టుకుని గుంజుతోంది.

"తల దించు!"

మొదటి దూలం కింద దూరారు. పట్టాల మీద బండి ఎగిరిపడింది. రెండో దూలం దిగుతోంది... జానెడు... బెత్తెడు...

దాటేశారు!

గేటుమన్ తిట్లు గాలిలో వెంటపడ్డాయి.

"ఓలమ్మో! ఇద్దరం ఒక్కసారే పోదుం కదా!"

"నీ తమ్ముడు దొరికితే సాలు. పోవడం సంగతి తరవాత సూద్దాం."

"ఆడు దొంగ కాడు!"

"పోయిన ఎండాకాలం తవుడులో ఊక కలిపిందెవడే? మీ తాతా?"

దేముడమ్మ అతని నడుం గట్టిగా పట్టుకుంది. మొగుడు తమ్ముణ్ణి చంపేస్తాడేమోనని కదా తను బండెక్కింది!

గేరు మార్చాడు. బండి మూలుగుతోంది.

పొద్దున్నే ఆఫీసర్లు వస్తారు. కొత్త ఉత్తర్వు. పశువుల దాణా అమ్మాలంటే ఇకమీద లైసెన్సు కావాలి. గోదాంలో పాత గోనె ఒక్కటీ ఉండకూడదు. ప్రతి బస్తా కొత్త సంచిలో ఉండాలి. లోపల ఏముందో రాసిన చీటీ మూతికి కుట్టాలి. ఆముదం ఆడించే మిల్లులో పశువులు తినే చెక్క, అంటే గింజల్లోంచి నూనె తీయగా మిగిలే పిప్పి, తయారు చెయ్యకూడదు.

అందుకే జగన్నాధం తన మిల్లులో ఆముదం మానేశాడు. మధ్యాహ్నం యంత్రం శుభ్రం చేయించాడు. దాన్ని నీళ్ళతో కడగరు. వేరుశనగ పోసి ఆడతారు. లోపల మిగిలిన ఆముదం గింజల పిప్పి, ఆ విషమంతా, ఆ మొదటి చెక్కలోకి వచ్చేస్తుంది.

చూడ్డానికి వేరుశనగ చెక్కే!

పశువు తిన్నదా... ఇక లేవదు.

దాన్ని చెరకు చేలకి ఎరువుగా పంపాలి. పాత గోనెల్లో పోయించి, నల్లతాడు కట్టించి, గోడవారన పెట్టించాడు. దీపాలు పెట్టే వేళ చూస్తే ఆ గోనెలు లేవు. నేలమీద నల్లతాళ్ళు మాత్రం పడున్నాయి.

బావమరిది చినబాబు లేడు. కొత్తవలస పాలవాళ్ళ సరుకెత్తిన లారీ లేదు.

ఇంకేం కావాలి?

"నీకు కోపమొస్తే కళ్ళు కనపడవు మావా," చెవి దగ్గర దేముడమ్మ. "ఇందాక ఊరోళ్ళు నిన్నెంత పొగిడినారో తెలుసా? మా జగన్నాధం సెయ్యి ఎంత పెద్దదో అని కూర్మమ్మత్త..."

"నోరు ముయ్! అదిగో!"

లారీ!

హారన్ మోగిస్తూ పక్కనుంచి దూసుకుపోయాడు. ముందుకెళ్ళి అడ్డంగా తిప్పాడు. లారీ బ్రేకులు కీచుమన్నాయి. దాని ముందుచక్రం జగన్నాధం మోకాలికి మూరెడు దూరంలో ఆగింది.

డ్రైవర్ పక్కనుంచి చినబాబు కిందికి దూకాడు. "ఏటి బావా! ఏటైనాది? అక్కా, నువ్వేటి..."

కాలర్ అందింది.

"ఎక్కడికిరా తోలుతున్నావు విషం?"

"విషమేటి?"

చెంప ఛెళ్ళుమంది. జగన్నాధం లారీ ఎక్కాడు. జేబులోంచి కత్తి. బస్తా పొట్ట చీల్చాడు. చెక్క ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

వేరుశనగ. కమ్మటి వాసన.

ఇంకో బస్తా. అదే వాసన!

మరొకటి... మరొకటి...

మూతులు తడిమాడు. ప్రతి బస్తాకీ చీటీ ఉంది. ఒక్కదాంట్లోనూ ఆముదం లేదు.

"మరి ఆ నల్లతాళ్ళ గోనెలేవిరా?"

చినబాబు చెంప రుద్దుకుంటున్నాడు. "ముందు అడిగి తరవాత కొట్టాల బావా. పాత గోనె ఒక్కటీ కనపడకూడదన్నావు కదా! అందుకే ఆటినీ కొత్త సంచుల్లోకి మార్సినాను. మూతి కుట్టేసినాను."

"చీటీ?"

"సీటీ ఎలా కుడతాను? తిండి సరుకు కాదు కదా! అంత మాత్రం తెలీదా నాకు? సీటీ లేకండా వాకిట్లోనే పెట్టినాను. రేపు సేలకి తోలేద్దామని..."

జగన్నాధం కత్తి జారి లారీ అడుగుపలక మీద పడింది.

మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"దేముడూ... వాకిట్లో బస్తాలు..."

"పంచేసినాను."

"ఎవరికి?"

"ఊరందరికీ! నువ్వే కదా సెప్పినావు! సీటీ లేని బస్తా కనపడితే లైసెన్సు పోతాది, ఊళ్ళో ఊరికే పంచెయ్, పుణ్యమన్నా వస్తాదని..." ఆమె లారీ దగ్గరికి పరుగెత్తింది. "మావా... ఆ ఇసం బస్తాలు అయ్యేనా?"

చీటీలు చాలక మిగిలిపోయిన మంచి చెక్క అనుకుని చెప్పాడు. చూడకుండా చెప్పాడు!

ఇంటింటా ఆ చెక్క కుడితి తొట్లో నానుతూ ఉంటుంది. తొలికోడి కూయగానే పాలు పితికేముందు పెడతారు. ఊళ్ళో ప్రతి ఆవు. ప్రతి గేదె. దుక్కి ఎద్దులు!

బండి తిరిగింది. ఈసారి వెనక చినబాబు కూడా.

గేటు.

గేటవతల చీకటి కదులుతోంది. ఇనుపరాయి మోసే గూడ్సు రైలు! వ్యాగన్ వెనక వ్యాగన్...

కీచుమంటూ ఆగింది. రోడ్డుకి అడ్డంగా!

"సిగ్నల్ లేదు," గేటుమన్ కసిగా అన్నాడు. "ఎప్పుడిస్తారో దేవుడికే తెలియాలి. ఇందాక దూకినావు కదా, ఇప్పుడు దూకు!"

మరో దారి లేదు. బండి దాటదు. నడిస్తే తెల్లారిపోతుంది.

వ్యాగన్ల సందులోంచి వెలుగు. అవతల ఒక జీపు ఆగి ఉంది.

చినబాబు వంగి చూశాడు. గభాల్న వెనక్కి తగ్గాడు.

"బావా... ఆళ్ళే! రేపొస్తామన్న ఆఫీసర్లు! రాత్రికి కొత్తవలస బంగళాలో పడుకోడానికి వస్తన్నట్టున్నారు. కనపడకు!"

జీపు. ఊరివైపు రోడ్డు మీద. ఒక్క తిప్పుడు తిప్పితే...

జగన్నాధం రెండు వ్యాగన్ల మధ్య ఇనుప కొక్కెం మీద కాలు పెట్టాడు.

"బావా, వద్దు! లైసెన్సు కాదు, జైలే! మిల్లు పోతాది!"

కాలు ఆగింది.

"పోనీయరా!" దేముడమ్మ కేక. "పసువులు సస్తే ఆ ఊళ్ళో మనం ఏ మొహం పెట్టుకుని బతుకుతాం? ఎక్కు మావా!"

ఎక్కాడు. ఇంజన్ కూత వేసింది. కొక్కెం కాలికింద జర్కు!

దూకాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. వెనక చక్రాలు కదిలాయి.

జీపు దీపాల ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"దాణా లైసెన్సు అడిగినోణ్ణి బాబూ. జగన్నాధాన్ని." ఊపిరి అందడం లేదు. "ఊరందరికీ ఇసం పంచినాను. రాసుకోండి, కేసు పెట్టుకోండి... ముందు బండి తిప్పండి!"