మూడో అడాప్టర్

రాజోలులో సుస్మిత వాళ్ళు అద్దెకు దిగిన ఇల్లు పాతది. ఒకే కప్పు కింద పక్కపక్కనే రెండు వాటాలు. ఒక వాటాలో ఇంటివాళ్ళు వీరబాబు, భవానీదేవి ఉంటారు. కొబ్బరికాయల వ్యాపారం వాళ్ళది. రెండో వాటాలోకి సుస్మిత, ఆమె భర్త ఇమ్మానుయేలు వానాకాలం మొదట్లో వచ్చారు. అతనికి మలికిపురంలో లెక్చరర్ ఉద్యోగం. అంతకుముందు చూసిన ఇళ్ళవాళ్ళంతా పేర్లు విని, ఇంటిపేరు అడిగి, తర్వాత ఫోను చేస్తామన్నారు. ఎవరూ చెయ్యలేదు. వీరబాబు మాత్రం ఏమీ అడగలేదు.

"ఇల్లు కడిగించి ఉంచుతానమ్మా. గోడలకి మాత్రం చిల్లులు పెట్టకండి, పెచ్చులూడిపోతాయి" అన్నాడు, అంతే.

ఆ గోడలతోనే వచ్చింది చిక్కు. మూరెడు మందం. నెట్ కనెక్షను హాల్లో ఉంది. సుస్మిత పనిచేసుకునేది వెనక గదిలో. ఆమెది హైదరాబాదు కంపెనీలో ఇంటి నుంచి చేసే ఉద్యోగం. రోజూ సాయంత్రం మీటింగు ఉంటుంది. వెనక గదిలో కూర్చుంటే వైఫై గోడ దాటి వచ్చేది కాదు. హాల్లో కూర్చుంటే వీధిలో ఆటోల మోత. మీటింగు మధ్యలో ఆమె మాయమైపోవడం, మేనేజరు అందరి ముందూ ఆమె పేరు పెట్టి రెండుసార్లు పిలిచి ఊరుకోవడం మామూలైపోయింది.

అందుకని పవర్‌లైన్ అడాప్టర్లు తెప్పించారు. జత. అరచేతిలో పట్టేటంత తెల్లటి డబ్బీలు. ఇంట్లో ఉన్న కరెంటు తీగలే నెట్‌ని ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్తాయి. గోడలు కొట్టక్కర్లేదు. సుస్మిత ఒక డబ్బీని హాల్లో గోడ ప్లగ్గుకి పెట్టి, చిన్న వైరుతో రౌటర్‌కి కలిపింది. రెండోదాన్ని వెనక గదిలో ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెడితే దీపం ఎర్రగానే ఉండిపోయింది. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాలని కాగితంలో రాసుంది. టేబుల్ ఫ్యాన్ పీకేసి అక్కడ పెట్టింది.

"నొక్కుతున్నాను" అని హాల్లోంచి కేకేశాడు ఇమ్మానుయేలు. "మిణుకుమంటోంది. నువ్వు కూడా నొక్కు."

ఆమె నొక్కింది. రెండు దీపాలూ కాసేపు మిణుకుమిణుకుమని, ఆకుపచ్చగా నిలిచాయి. ఆ సాయంత్రం మీటింగులో ఆమె మొహం మొదటిసారి స్పష్టంగా కనిపించిందని అందరూ అన్నారు.

మర్నాడు అడాప్టర్లకి పేర్లు పెడదామని ఫోనులో వాటి యాప్ తెరిచింది. ఒకదానికి 'హాలు' అని, ఇంకోదానికి 'వెనక గది' అని పెట్టింది. కింద మూడోది ఉంది. పేరు లేదు, అంకెలే. దాని గుండా నెట్ పోతూనే ఉంది.

"పక్క వాటాలో ఉండి ఉంటుంది" అన్నాడు ఇమ్మానుయేలు. "రెండు వాటాలకీ కరెంటు సర్వీసు ఒకటేగా. కొన్నప్పుడు అన్నిటికీ పాస్‌వర్డ్ ఒకటే ఉంటుంది, అందుకని కలిసిపోయాయి. మార్చెయ్యి, పోతుంది."

మార్చింది. పోయింది. సాయంత్రం మీటింగు మధ్యలో బొమ్మ బిగుసుకుపోయింది. యాప్ చూస్తే మూడోది మళ్ళీ ఉంది.

కొత్త పాస్‌వర్డ్ తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక అది కలవాలంటే ఒకటే దారి. ఎవరో తమ వాటాలోకి వచ్చి, హాల్లో అడాప్టర్ మీది బటన్ నొక్కి, వెళ్ళి తమ దాని బటన్ నొక్కాలి. మధ్యాహ్నం తను బజారుకి వెళ్ళింది. ఇంకో తాళంచెవి భవానీదేవి దగ్గర ఉంది.

మేనేజరు ఫోను చేశాడు. "ఇలాగైతే ఇంటి నుంచి పని కుదరదు సుస్మితా" అన్నాడు. ఆ ఫోను పెట్టేసి, ఆ ఉడుకు మీదే ఆమె పక్క వాటాకి నడిచింది.

అరుగు మీద వీరబాబు పేపరు చూస్తున్నాడు. భవానీదేవి, ఎదురింటి రామలక్ష్మి కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నారు.

"రండమ్మా, కూర్చోండి" అంది భవానీదేవి.

సుస్మిత కూర్చోలేదు. "పిన్నిగారూ, మా నెట్ మీరు వాడుకుంటున్నారు. అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదండీ. మేం లేనప్పుడు తాళం తీసుకుని లోపలికి రావడం ఏమైనా బాగుందా?"

రామలక్ష్మి చేతులు ఆగిపోయాయి. వీరబాబు పేపరు మడిచాడు.

"మా ఇంట్లో నెట్ వాడేవాళ్ళు ఎవరున్నారమ్మా" అన్నాడు మెల్లగా. "మా ఫోన్లు బటన్ ఫోన్లండి."

"లేదంటే ఎలాగండీ. ఇదిగో, ఇందులో చూపిస్తోంది." ఫోను అతని మొహం ముందు పెట్టింది. తన గొంతు వీధిలోకి వినిపిస్తోందని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆపుకోలేకపోయింది. "మీ వాటాలోనే ఉంది. వెతికితే దొరుకుతుంది."

భవానీదేవి ఒళ్ళోని కాయలు పళ్ళెంలో పోసి లేచింది. బొడ్లోంచి తాళంచెవి తీసింది. "రండి, చూద్దురుగాని" అంది.

మధ్య గది దాటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ మూసి ఉన్న గది. తాళం తీయగానే చెమ్మవాసన, దాని వెనకాల కొబ్బరినూనె వాసన, ఇంకేదో కాలిన ప్లాస్టిక్కులాంటి వాసన వచ్చాయి. బల్ల మీద పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. హాంగరుకి చున్నీ వేలాడుతోంది. గోడ మీద స్విచ్ బోర్డు ఒక పక్క నల్లగా మాడి ఉంది. దాని కింద ప్లగ్గులో తెల్లటి డబ్బీ. తమ అడాప్టర్ లాంటిదే.

"మా అక్షయదండి" అంది భవానీదేవి. "ఇంజనీరింగు రెండో ఏడు. ఈ గదిలోకి నెట్ రాట్లేదని గోల పెడితే వాళ్ళ నాన్న అమలాపురంలో కొనుక్కొచ్చేరు. కిందటేడు వానల్లో... తల స్నానం చేసొచ్చి, చేతులు తుడుచుకోకుండా స్విచ్ వేసింది."

వీరబాబు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలికి రాలేదు. "మర్నాడే ఈ గదికి కరెంటు తీయించేసేను" అన్నాడు. పైకి చూపించాడు. గోడ మూలన తీగలు తెగ్గొట్టి, టేపు చుట్టి ఉన్నాయి. "పిల్ల పోయిన ఇల్లని తెలిస్తే అద్దెకి ఎవరూ రారని మీకు చెప్పలేదమ్మా. అది మా తప్పే."

సుస్మితకి తల ఎత్తడం చేతకాలేదు. క్షమించమని అనాలి. వాళ్ళు ఏమీ అడక్కుండా ఇల్లిచ్చారు. తను వాళ్ళని వీధి అరుగు మీద, ఎదురింటావిడ ముందు నిలబెట్టి దొంగలన్నది. అన్నది ఎవర్ని పట్టుకుని... ఆమె కళ్ళు చేతిలోని ఫోను మీద పడ్డాయి.

మూడోది ఇంకా ఉంది. దాని పక్కన అంకెలు పెరుగుతున్నాయి.

ఎదురుగా గోడకున్న డబ్బీలో దీపం లేదు. కరెంటు లేదు. అంకెలు పెరుగుతున్నాయి.

"యాప్‌లో ఏదో పొరపాటండి" అంది, ఫోను వెనక్కి దాచుకుంటూ. భవానీదేవి అప్పటికే చూసింది.

దీపాలు పెట్టే వేళకి ఆవిడ సుస్మిత వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మబ్బు పట్టి బయట నల్లగా ఉంది. ఇమ్మానుయేలు రాజమండ్రిలో పేపర్లు దిద్దే డ్యూటీకి వెళ్ళాడు. రావులపాలెం మీదుగా వచ్చేసరికి పొద్దుపోతుందని చెప్పాడు.

"మీ గదిలో డబ్బీ తీసేస్తారేమో అని వచ్చేనమ్మా" అంది భవానీదేవి గుసగుసగా. "తీయకండి. ఈ ఒక్కరాత్రి ఉంచండి. నేనా గదిలో కూర్చుంటాను."

"పిన్నిగారూ, అందులో ఏమీ..."

"ఏమీ లేకపోతే లేదండి. ఉంచండి."

ఇందాక అరుగు దగ్గర తను అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆవిడ ఒక్కమాటైనా తిరిగి అనలేదు. "ఆయ్ అండి. తియ్యను" అంది సుస్మిత.

వాన మొదలైంది. కొబ్బరాకుల మీద పడి జారుతున్న చప్పుడు. వెనక గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, మిగిలిపోయిన పని అందుకుంది. చెవులకి హెడ్‌సెట్ ఉంది. ఉన్నట్టుండి కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. హాల్లో రౌటర్ ఆరిపోయింది. ఊరంతా చీకటి.

గోడ దగ్గర మాత్రం ఆకుపచ్చ దీపం వెలుగుతోంది.

ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. కరెంటు లేదు... అది వెలుగుతోంది. గదిలో ఎవరో తడిబట్టలు ఆరేసినట్టు చల్లటి వాసన వచ్చింది.

గోడ అవతల అక్షయ గది. గోడకీ కప్పుకీ మధ్య సందులోంచి భవానీదేవి గొంతు వినిపించింది. ఏడుపు కాదు. మామూలుగా, పక్కన కూర్చున్న వాళ్ళతో మాట్లాడినట్టు.

"ఆ... తిన్నానే. నాన్న తినలేదు... ఆ... జుట్టు ఆరిందా?"

కాసేపు ఆగడం. మళ్ళీ చిన్న నవ్వు. సుస్మిత ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నవ్వగా వినలేదు.

అప్పుడు చెవిలో వినిపించింది.

"అక్కా..."

హెడ్‌సెట్‌లోంచే అనుకుంది. ఆడపిల్ల గొంతులా ఉంది. దగ్గరగా.

"అక్కా... తీసెయ్యి."

"ఎవరు?" అంది సుస్మిత.

"తీసెయ్యక్కా... అది తీసెయ్యి..."

హెడ్‌సెట్ లాగి బల్ల మీద పడేసింది. మాట ఆగలేదు. తీసెయ్యి... తీసెయ్యి... ఆమె లేచింది. చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్ళి, ఆకుపచ్చ దీపాన్ని గుప్పిట పట్టి లాగేసింది.

దీపం ఆరింది. మాట ఆగింది.

గోడ అవతల కూడా ఆగింది.

"అక్షయా?" అంది భవానీదేవి.

వాన చప్పుడు.

"అక్షయా... చెప్పమ్మా. వింటున్నాను... అక్షయా..."

డబ్బీ సుస్మిత చేతిలో ఉంది. వేడిగా ఉంది. తిరిగి ప్లగ్గులో పెడితే చాలు. చెయ్యి లేవలేదు. మాటిచ్చి ఇంకా పూట గడవలేదు. గోడ అవతల తల్లి పిలుస్తూనే ఉంది. మొదట మెల్లగా, తర్వాత బతిమాలుతూ, ఆ తర్వాత పేరు ఒక్కటే, ఊపిరితో కలిసిపోయి. సుస్మిత హాల్లోకి వచ్చేసి, నేల మీద కూర్చుని, రెండు చేతులతో చెవులు మూసుకుంది. డబ్బీ ఒళ్ళోనే ఉంది. తెల్లవారేవరకూ దాన్ని పెట్టలేదు.

పొద్దున్నే ఇమ్మానుయేలు ఫోను చేశాడు. రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆపేశారని, రాత్రంతా రావులపాలెంలోనే ఉండిపోయానని, ఇప్పుడే బయల్దేరుతున్నానని చెప్పాడు. ఫోను పెట్టేసరికి గుమ్మంలో భవానీదేవి నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"రాత్రి కరెంటు పోయిందిగా అండీ" అంది సుస్మిత, ఆవిడ అడక్కుండానే. "దాంతో ఆగిపోయినట్టుంది."

భవానీదేవి ఆమె వైపు చూసింది. కోపం లేదు. "కరెంటు పోయేకేనండి అది మాట్లాడింది" అంది.

సుస్మిత మొహం మండిపోయింది. తలుపు పట్టుకుంది. "నేనే తీసేశానండి" అంది. "భయమేసింది. అక్షయే తియ్యమంది. అక్కా, తీసెయ్యి అని... నా చెవిలో."

"మా అమ్మాయాండి?"

"ఆయ్ అండి. మీరు మాట్లాడుతున్నప్పుడే."

భవానీదేవి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నాతో మాట్లాడుతున్నప్పుడు మీతో ఎలా మాట్లాడుద్దండి" అంది చివరికి.

చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీకో మాట చెప్పమందండి. అది చెప్తుండగానే ఆగిపోయింది. 'అమ్మా, పక్క వాటాలో అక్కకి చెప్పు. ఆ గదిలో రోజూ తన వెనకాల నుంచునేది నేను కాదని చెప్పు. అది...' అంది. అక్కడితో ఆగిపోయిందండి."

"అది... ఏమిటండీ?"

"చెప్పబోయిందండి. ఈలోగా మీరు తీసేసేరు."

మళ్ళీ పెడతాను పిన్నిగారూ, ఇప్పుడే పెడతాను అనబోయింది సుస్మిత. భవానీదేవి చూపు తన మీద లేదు. తన భుజం మీదుగా, హాలు దాటి, తలుపు తీసి ఉన్న వెనక గదిలోకి చూస్తోంది. మర్యాదగా చెంగు భుజం నిండా లాక్కుని, ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇమ్మానుయేలు గారు రాత్రే వచ్చేసేరాండి?" అంది.