యుగంధర్ పేరున ఒక చుక్క

భోగాపురం దాటి సముద్రం వైపు తిరిగితే, సరుగుడు తోటల వెనక ఉంటుంది యుగంధర్ ఇల్లు. ఇసుక నేలలో ఇంటి కింద గది తవ్విస్తానని అతనన్నప్పుడు ఊరంతా ముక్కున వేలేసుకుంది. వీడికి పిచ్చి పట్టిందన్నారు. అతను వింటేగా! మెట్లు దిగితే చల్లగా ఉండే ఆ గదిలో గోడల నిండా అరలు కట్టించాడు. నాసిక్ నుంచీ, పై దేశాల నుంచీ తెప్పించిన వైన్ సీసాల్ని పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు వాటిలో పడుకోబెట్టాడు. ఏటా పుట్టినరోజు సాయంత్రం స్నేహితుల్ని పిలిచి, ఒక్కో సీసా తీసి రుచి చూపించేవాడు.

అతని భార్య అనూరాధ విజయనగరంలో కిరాణా వర్తకుల ఇంటి పిల్ల. గుడ్డు పేరెత్తితేనే వంటిల్లు కడిగే ఇంట్లో పుట్టి, ప్రేమించినవాడి కోసం చేపల పులుసు నేర్చుకుంది. మొదటిసారి వైన్ నోట్లో పోసుకుని, "ఇదేటి, పాడైపోయిన చింతపండు రసంలాగుంది!" అంది. అతను పడీ పడీ నవ్వాడు. గ్లాసు తిప్పడం, వాసన పీల్చడం, గుక్కని నాలుక మీద ఆడించి బకెట్లో ఉమ్మేయడం, అన్నీ ఓపిగ్గా నేర్పించాడు.

ఎంత గొప్ప సీసా తీసినా, ముందు మాత్రం తన వాళ్ల పద్ధతే. వాళ్లది తరతరాలుగా సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. ఏది తాగబోయినా, పోయినవాళ్ల పేరు తలుచుకుని ఒక చుక్క నేల మీద వేస్తారు. యుగంధర్ కూడా గ్లాసు వంచి, "నాన్నా, ముందు నీకే" అనేవాడు. అప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

పోయిన కార్తీకంలో వరసకు అన్నదమ్ములయ్యేవాళ్ల పడవెక్కి సరదాగా వేటకు వెళ్లాడు. పడవ తిరగబడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. యుగంధర్ రాలేదు. శవమూ దొరకలేదు.

అతని తల్లి కూర్మమ్మ ఇంట్లో ఎవర్నీ ఏడవనివ్వలేదు. కోడలి చేతి గాజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. "శవం దొరకనోడికి సుక్క ఎయ్యకూడదే అమ్మీ. సుక్క పడిందా, ఆడు సచ్చినోళ్లలో కలిసిపోతాడు. మరి మనకి రాడు," అని కోడలికి గట్టిగా చెప్పింది. అప్పట్నుంచీ రోజూ పొద్దు గూకే వేళకు ఒడ్డుకు పోయి, నీళ్ల వైపు చూస్తూ కూర్చునేది.

అనూరాధ కూడా ఎదురుచూసింది. గేటు చప్పుడైతే లేచేది. కుక్క మొరిగితే లేచేది. మాయకపోయినా అతని చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి పెట్టేది. నెలలు గడిచేకొద్దీ దుఃఖం కంటే ఆశే ఆమెను ఎక్కువ తినేసింది. పోయాడని ఎవరైనా ఒక్కసారి చెబితే గుండె పగిలేలా ఏడ్చి పడుకుందును గదా అనిపించేది. అలా అనిపించినందుకు మళ్లీ తనను తానే తిట్టుకునేది.

అతని పుట్టినరోజు వచ్చింది. ఆ సాయంత్రం అనూరాధే గిరిబాబునీ, అతని భార్య సుహాసినినీ పిలిచింది. గిరిబాబు యుగంధర్‌కి చిన్ననాటి స్నేహితుడు, రొయ్యపిల్లల హేచరీలో భాగస్తుడు. అత్తగారు ఒడ్డుకు వెళ్లాక ముగ్గురూ మెట్లు దిగారు.

గదిలో తడి ఇటుక వాసన, పాత చెక్క వాసన. ఎప్పటిలాగే సముద్రపు హోరు గోడలోంచి సన్నగా వినిపిస్తోంది. అనూరాధ కొవ్వొత్తులు వెలిగించి, అతను మురిపెంగా దాచుకున్న సీసా తీసింది. బిరడా ఊడి రాగానే పండిన నేరేడు వాసన గుప్పుమంది. నాలుగు గ్లాసుల్లో పోసింది. నాలుగోది ఎవరిదని ఎవరూ అడగలేదు.

"ఎన్నాళ్లిలాగ, సెల్లెమ్మా?" అన్నాడు గిరిబాబు మెల్లగా. "ఆడికీ శాంతి లేదు, నీకూ లేదు. ఈయేళ ఆడి పేర్న ఓ సుక్కేసి, పంపించీ."

"వద్దండీ... కూర్మమ్మ గారికి తెలిస్తే ఊరుకోరు," అంది సుహాసిని.

"అత్తకి నేను చెప్పుకుంటాను," అంది అనూరాధ. "నావల్ల కావట్లేదు అన్నయ్యా. ఇంక ఎదురుచూడలేను."

నాలుగో గ్లాసు చేతిలోకి తీసుకుంది. అతను నేర్పినట్టే ఒకసారి తిప్పింది, వాసన చూసింది. కళ్లు మసకబారాయి.

"యుగంధర్... నీకే."

ఒక చుక్క కడపరాయి మీద పడింది.

హోరు ఆగిపోయింది.

ముందు వాళ్లకి అర్థం కాలేదు. ఏదో తక్కువైనట్టు మాత్రం అనిపించింది. గోడలోంచి ఎప్పుడూ వినిపించే సముద్రం... లేదు. అలల చప్పుడు లేదు. గాలి లేదు. కొవ్వొత్తి వత్తి చిటపటలాడటం వినిపిస్తోంది.

అప్పుడు... పైన అడుగులు.

వీధి గుమ్మం దగ్గర మొదలయ్యాయి. తడికాళ్ల చప్పుడు. హాల్లోకి వచ్చాయి. పరుగులో ఉన్నాయి... ఎక్కడా తడబడలేదు. ఇల్లు బాగా తెలిసిన కాళ్లు. కింద గది తలుపు దగ్గరకొచ్చి ఆగాయి.

రొప్పు వినిపించింది. చాలా దూరం నుంచి వచ్చిన మనిషి రొప్పు.

"అనూ... ఆగు... పొయ్యకు."

గిరిబాబు చేతిలో గ్లాసు జారి పగిలింది. సుహాసిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అనూరాధ కిందకి చూసింది. రాతి మీద చుక్క లేదు. తడి కూడా లేదు. ఎవరో నాకేసినట్టు పొడిగా ఉంది.

"యుగంధర్!" అని కేక పెట్టి మెట్లెక్కింది. తలుపు లాగింది.

ఎవరూ లేరు. నేల మీద తడి అడుగు ఒక్కటీ లేదు. అప్పుడే, ఆగినచోటు నుంచి మళ్లీ మొదలైనట్టు, హోరు ఒక్కసారిగా చెవుల్లో పడింది. దాంతోపాటే ఒడ్డు నుంచి కూర్మమ్మ అరుపు.

ముగ్గురూ చీకట్లో ఇసుక మీద పరిగెత్తారు. నీళ్ల అంచున కూర్మమ్మ కూలబడి ఉంది. ఆమె ఒళ్లో యుగంధర్ తల. కార్తీకం నుంచీ నీళ్లలో ఉన్న మనిషి... ఎక్కడా చెడలేదు. ఒక్క గాయం లేదు. ఊపిరి మాత్రం లేదు.

గిరిబాబు వంగి ఛాతీ మీద చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండి, తల అడ్డంగా ఊపాడు.

"నడిసొచ్చాడే," గొణిగింది కూర్మమ్మ. "నీళ్లలోంచి నడిసొచ్చాడు, నా కొడుకు. అమ్మా అని పిలిసినాడు. ఇంటిదిక్కు సూసి, ఉన్నట్టుండి పడిపోనాడు. ఏటైనాదే అమ్మీ? ఆడికేటైనాది? ఒళ్లింకా ఎచ్చగున్నాదే..."

అనూరాధ ఇసుకలో మోకాళ్ల మీద పడి, అతని చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. నుదుటి మీద తడి మెరుస్తుంటే సముద్రపు నీరనుకుని కొంగుతో ఒత్తింది.

నీరు కాదు, పరుగెత్తొచ్చినవాడి చెమట.

తుడిచింది. చూస్తుండగానే, చనిపోయిన ఆ నుదుటి మీద, మళ్లీ పట్టింది.