నలభై జాగ్రత్తలు

ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పులు పక్కకు జరిపి, కూతురు కళ్ళజోడు సవరించుకుని వంటింటి బల్ల వెనక కూర్చుంది. ఆ పూటకి ఆ బల్ల పరాయి దేశపు విమానాశ్రయంలో కౌంటరు. కూతురేమో అక్కడి అధికారి. ఎదురుగా చేతిసంచి పట్టుకుని తల్లి నిలబడి ఉంది.

తల్లిని వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ముందుగదిలో కుట్టుమిషన్ వేసుకుని ఊరందరి బట్టలూ కుట్టిన మనిషి. బుధవారం ఆమె పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విమానం ఎక్కబోతోంది. నలభై ఏళ్ళ కిందట పరాయి దేశం వెళ్ళి స్థిరపడిన అక్క దగ్గర ఈ వేసవి రెండు నెలలూ గడపాలని ఆమె కోరిక.

కూతురు పనిచేసేది విమాన టికెట్లు అమ్మే ఆఫీసులో. కొత్తగా ప్రయాణం కట్టేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడంలో ఆమెకు ఆమే సాటి. సొంత తల్లి వంతు వచ్చేసరికి ఆ జాగ్రత్తలు నలభై అయ్యాయి. నాలుగు కాగితాల నిండా రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఇన్ని తెలిసిన మనిషి ఇంతవరకూ విమానం ఎక్కలేదన్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఆ పూట వంట ఉండదు.

"మందులెక్కడ పెట్టుకోవాలి?"

"చేతిసంచిలో, డాక్టరు చీటీతో సహా. నేనొక చోట, పెట్టొక చోట దిగామనుకో, షుగరు మాత్రల కోసం ఎవర్ని అడుక్కోను?"

"ఎవరైనా వచ్చి, పిన్నిగారూ ఈ పొట్లం కాస్త పట్టుకోండి అంటే?"

"దేవుడు దిగొచ్చి అడిగినా పట్టుకోను."

"దిగిన రోజు మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తే?"

"పడుకోను. అలా వెలుతుర్లో నాలుగడుగులు నడిచొస్తా. చీకటి పడ్డాకే మంచం."

పొయ్యి దగ్గర గుడ్లు వేయిస్తున్న అల్లుడు చప్పట్లు కొట్టాడు. "అత్తయ్యగారు ఫస్టు క్లాసులో పాసు!"

"మీరు మాడ్చకుండా దింపండి, చాలు," అంది భార్య తల తిప్పకుండానే. "పాస్‌పోర్టు తియ్యమ్మా."

కత్తెరమ్మ గర్వంగా నడుముకున్న గుడ్డ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. పాస్‌పోర్టు ఒంటిమీద నుంచి కదలకూడదని రెండో జాగ్రత్త. అందుకే పట్టీకి లోపలివైపు జేబు కుట్టి, అందులో పాస్‌పోర్టు పెట్టి, నాలుగు వైపులా రెండేసి వరసలు మిషన్ కుట్టు వేసేసింది. కుట్టు చూస్తే ముచ్చటేస్తుంది. పుస్తకం మాత్రం బయటికి రాదు.

"ఇదెలా తీస్తావు?"

"కత్తెరతో."

"కత్తెర విమానంలోకి రానివ్వరమ్మా! పదిహేడోది చదవలేదా?"

అల్లుడు నవ్వాపుకోలేక గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. కూతురికి నవ్వు రాలేదు. పట్టీ పక్కన పడేసి, అసలు ప్రశ్న అడిగింది.

"మా దేశానికి ఎందుకొచ్చారు?"

కత్తెరమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మూడు రోజులుగా ఇదే తంతు. మిగతావన్నీ గడగడా అప్పజెప్పే మనిషి ఈ ఒక్కచోట రాయిలా నిలబడిపోతోంది.

"ఊళ్ళు చూడ్డానికి అనమ్మా! రెండే రెండు ముక్కలు. ఇలా నీళ్ళు నమిలితే అనుమానం వచ్చి పక్కన కూర్చోబెడతారు. భాష రాని చోట ఎవరికి చెప్పుకుంటావు?"

"అక్కడి దాకా వెళ్ళాక చెప్తాలే."

"పాస్‌పోర్టు కుట్టేసుకున్నావు. నోరు కూడా కుట్టేసుకున్నావు. పోనీ బట్టలన్నా లేతరంగువి పెట్టుకోమంటే, కళ్ళు జిగేల్మనే పసుపచ్చవి ఆరు జతలు కుట్టావు. నేనిలా పంపలేను. టికెట్టు రద్దు చేస్తా. వచ్చే వేసవికి నేనే సెలవు పెట్టి దగ్గరుండి తీసుకెళ్తా."

"వద్దు."

"నీ మంచికేనమ్మా చెప్పేది."

"నా మంచి చూసి చూసి పదకొండేళ్ళయిందే!" కత్తెరమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. అల్లుడు కుళాయి కట్టేశాడు. "నీ పెళ్ళన్నావు, ఆగాను. పురుడన్నావు, ఆగాను. పిల్లాడి పరీక్షలన్నావు. ప్రతి ఏడూ వచ్చే వేసవే. నువ్వు రద్దు చేస్తే మీ ఆఫీసు ఎదురు దుకాణంలో ఇంకో టికెట్టు కొనుక్కుని పోతాను. బుధవారం నేను విమానం ఎక్కడం ఖాయం."

"అంత పట్టుదల దేనికి? వచ్చే వేసవికి పెద్దమ్మ ఎక్కడికి పోతుంది?"

"అది ఉంటుంది. దాని చూపు ఉండదు."

కూతురు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

కత్తెరమ్మ కుర్చీలో కూలబడింది. "అంచుల నుంచి చూపు మూసుకొస్తోందట. చెంబు మూతిలోంచి చూసినట్టుంటుందట లోకమంతా. ఈ ఏడాది గడిస్తే అదీ ఉండదన్నారట డాక్టర్లు. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నాకు తల దువ్వింది అది, అన్నం పెట్టింది అది, సూదిలో దారం ఎక్కించడం నేర్పింది అది. నేను దాన్ని ఎప్పుడైనా చూడగలను. అది నన్ను చూడాలే! పసుపచ్చయితే కాస్త కంటికి ఆనుతుందంది ఫోన్లో. అందుకే కుట్టాను."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"జబ్బు మనిషి ఇంట్లో నీకెందుకా చాకిరీ అంటావని. అనేదానివా కాదా?"

అనేదాన్నే అని కూతురికి తెలుసు.

"ఆ కాగితంలో మొదటిదేంటో చదువు."

చదవక్కర్లేదు, అది రోజుకి పదిమందికి తను చెప్పే మాటే. "ఏది అడిగినా నిజమే చెప్పాలి. ఒక్క ముక్కలో చెప్పాలి."

"మరి ఊళ్ళు చూడ్డానికని ఎలా చెప్పను?"

కూతురు లేచి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. నలభై జాగ్రత్తలు రాసిందిగానీ, ఎందుకు వెళ్తున్నావని తల్లిని కూతురిలా ఒక్కసారీ అడగలేదు. కౌంటరు వెనక నుంచే అడిగింది.

తర్వాత ముక్కు తుడుచుకుని, ముందుగదిలోంచి బ్లేడు తెచ్చి, పట్టీ కుట్లు ఒక్కొక్కటే విప్పింది. సూదిలో దారం ఎక్కించడానికి ఆమెకి నాలుగుసార్లు పట్టింది. జేబు మూతికి మూడు టిచ్ బటన్లు వంకరటింకరగా కుట్టింది. కత్తెరమ్మ ఆ కుట్లు చూసి మొహం చిట్లించింది కానీ, జన్మలో మొదటిసారి ఒకరి పని సరిదిద్దకుండా వదిలేసింది.

బుధవారం విమానాశ్రయంలో, లోపలికి వెళ్ళేవాళ్ళకీ పంపేవాళ్ళకీ మధ్య గాజుగోడ ఉంది. కూతురు దానికి నుదురు ఆనించి చూస్తోంది. లోపల వరసలో పసుపచ్చగా తల్లి. వంతు రాగానే నడుము దగ్గర చెయ్యి పెట్టి, మూడు బటన్లు తీసి, పాస్‌పోర్టు అందించింది. అధికారి ఏదో అడిగాడు, ఎందుకు వెళ్తున్నారనే అయ్యుంటుంది. కత్తెరమ్మ ఈసారి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అతను ముద్ర వేసి, తల ఊపి, చేత్తో దారి చూపించాడు.

శుక్రవారం ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది.

"చేరానే. పెట్టె కూడా చేరింది. మధ్యాహ్నం పడుకోలేదు."

"పెద్దమ్మ...?"

"గుమ్మంలోనే ఉంది. దగ్గరికి రమ్మని, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి ఎంతసేపు చూసిందో. చివరికి, ఏమే, జుట్టంతా తెల్లబడిపోయిందేమే అంది." అటువైపు ముక్కు చీదిన చప్పుడు. "చూసిందే తల్లీ. చూసేసింది. ఇంక ఉంటా, దానికి తల దువ్వాలి."

కూతురు ఫోన్ పెట్టి కళ్ళు తుడుచుకుంది. బల్లకి అవతల ఒక పెద్దాయన దరఖాస్తు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. తమ్ముడి దగ్గరికట, మొదటిసారట. తొందరేం లేదు, వచ్చే వేసవికైనా ఫరవాలేదు అంటున్నాడు.

"ఈ వేసవికే వెళ్ళండి బాబాయ్‌గారూ," అందామె, కలం మూత తీస్తూ. "మిగతా జాగ్రత్తలు నేను రాసిస్తాను."