గొంతెత్తని పిల్ల

పొద్దున ఎనిమిదైనా ముత్యమ్మ ఇంట్లో అంతా గుసగుసలే. భర్త చిన్నరాములు రాత్రి షిఫ్టు దిగి వచ్చి లోపలి గదిలో పడుకున్నాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా కరిగిన ఇనుము పోసే పని. నిద్ర చాలకపోతే చెయ్యి తప్పుతుందని ముత్యమ్మ భయం. అందుకే పోతిరెడ్డిపల్లిలోని ఆ రెండు గదుల్లో పగలు గిన్నె కూడా చప్పుడు చేయదు.

"పది గంటల బస్సుకు బొంబాయి పోతున్న," అంది కూతురు నాగరత్నం మెల్లగా. "రెండేళ్లు అక్కడి హోటల్ల పాడాలె. సంతకం గూడ పెట్టిన. దీవించి పంపమ్మా."

ముత్యమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. టైపు నేర్చుకోమని సికింద్రాబాదు పంపితే, ఆ టైపు సెంటరు మేడ మీది పియానో మాస్టరు దగ్గర జాజ్ అని ఏదో ఇంగ్లీషు పాట పట్టి, నాలుగేళ్లుగా హోటల్లో పాడుతోందీ పిల్ల. దీనికి దీవెన కూడానా!

"అదేం పాటనే? నీ క్యాసెట్ విన్న. మైకును మూతికి ఆనించుకొని, దొంగలు మాట్లాడుకున్నట్టు! మన దిక్కు నాట్లేసే ఆడోళ్లు పాడితే ఊరవతల దాక ఇనబడుతది. నీకు గొంతన్న ఉన్నదా? గొంతు లేనిదానికి పైసలిస్తున్నరంటే, ఆ తాగుబోతులు ఏం జూసి ఇస్తున్నరో నాకు తెల్వదా?"

నాగరత్నం సంచీ కింద పెట్టింది.

"గట్లనకు. మెల్లగ పాడుడు అందరికీ రాదు, నీకెవరు నేర్పిండ్రని మొదటి రోజే మాస్టరు అడిగిండు. మా అమ్మ అని చెప్పిన."

"నేనా? నాకేం ఖర్మ!"

"నేను నోరు తెరిస్తే నువ్వు చెయ్యి అడ్డం పెట్టేదానివి. నాయిన పండుకున్నడు, నాయిన పండుకున్నడు. తట్టు పోసినప్పుడు గూడ నోట్ల కొంగు కుక్కుకొని ఏడ్చిన. పాడాలనిపిస్తే దుప్పట్ల దూరి పాడుకున్న. గొంతు గట్లనే పెరిగింది. ఇగ పెద్దగ పాడుమంటే రాదమ్మా."

"మరి మీ నాయిన చెయ్యి పోతే మనకు బువ్వెవరు పెడుతుండె?"

"తప్పని అంటలేను. ఉన్న మాట చెప్తున్న."

కళ్లు నిండినా పిల్ల గొంతు లేవలేదు. సంచీ భుజానికి తగిలించుకుని, "నాయిన లేచినంక చెప్పు," అంది.

ఆ మాటకు ముత్యమ్మ చేతులు ఆగిపోయాయి. ఈ పిల్ల మొదటిసారి బడికి పోయిన రోజూ, సికింద్రాబాదు బస్సెక్కిన రోజూ ఇదే మాట. తండ్రి లేచేసరికి పిల్ల ఉండేది కాదు.

ఆమె చేట పక్కకు తోసి లోపలికి పోయింది. ఇరవై రెండేళ్లుగా కాపాడిన ఆ నిద్రను రెండు చేతులా పట్టి కుదిపింది.

"లే! పిల్ల బొంబాయి పోతున్నది. రెండేళ్ల దాక కనబడదు. ఇప్పుడన్న లేచి చూడు!"

చిన్నరాములు అదిరిపడి లేచాడు. "ఏందే? ఎవరు ఏడుస్తున్నరు?"

"నేనే! లుంగీ సర్దుకొని బయటికి రా."

ముత్యమ్మ వచ్చి కూతురిని గట్టిగా పట్టుకుంది. "నీ పాట నాకు నచ్చదే. రేపు గూడ నచ్చదు. కానీ పోయి పాడు. ఎవడన్న గొంతు లేదంటే, వాని మూతి పగలగొడ్తనని చెప్పు."

ఆ ఏడుపుకి పక్కింటి వెంకటరమణమ్మ ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చింది. ముత్యమ్మ గొంతు తగ్గించలేదు.