స్టేడియంలో దెయ్యాల మూల

హామిల్టన్‌లో ఆ కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియానికి తూర్పు గ్యాలరీ ఒకటుంది. దానికి పై చివర, సరస్సు గాలి తిన్నగా వచ్చి మొహాన కొట్టే చోట, ఒక మూల ఉంది. చలికి జడిసి మిగతావాళ్ళు అక్కడికి వెళ్ళరు, తెలుగు పిల్లలైతే అసలే వెళ్ళరు. టికెట్టు దొరక్క సగం ఊరు గేటు బయట నిలబడ్డా సరే, ఆ మూల బెంచీలు మాత్రం ఖాళీగానే పడి ఉంటాయి.

దాని పేరు దెయ్యాల మూల.

పేరు ఎవరు పెట్టారంటే — ఎవరూ పెట్టలేదు. అక్కడ రెయిలింగుకి తుప్పు పట్టిన ఇనప పలక ఒకటి బిగించి ఉంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘దెయ్యాల’ అని రాసి ఉంది. తర్వాత ఇంకో మాట ఉండేదిగానీ అది తుప్పులో కలిసిపోయింది. కెనడాలో, తెల్లవాళ్ళు కట్టుకున్న స్టేడియంలో, తెలుగు మాట ఎవరు రాస్తారు? మనుషులైతే రాయరు. కాబట్టి... ఎవరి బోర్డు వాళ్ళే రాసుకున్నారని మన పిల్లలు తేల్చేశారు. విమానమెక్కి పెద్ద చదువులకొచ్చిన బుర్రలు, ఆ మాత్రం తేల్చలేవా.

కాలేజీలు విమానాల కొద్దీ పిల్లల్ని దించుకుంటున్న రోజులవి. సెప్టెంబరు బ్యాచి సర్దుకునేలోపు జనవరి బ్యాచి దిగేది. పాతవాళ్ళు ఊరు మారుతూ కొత్తవాళ్ళకి రైస్ కుక్కరూ పరుపూ అప్పజెప్పి, వాటితోపాటు ఈ కథ కూడా అప్పజెప్పేవారు. చేతులు మారినకొద్దీ కథ బలిసింది. అక్కడికెళ్ళిన ఒకడి ఫోను చేతిలోనే చచ్చిపోయిందట. ఒకమ్మాయి పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు బెంచీ కుంగిందట. ఆ అమ్మాయిని చూపించండ్రా అంటే మాత్రం, ఇప్పుడు ఎక్కడో దూరాన ఎడ్మంటన్‌లో ఉందనేవారు.

కోదండరామ్‌ది జమ్మికుంట. వచ్చిన కొత్తలో ఎవరో ఉత్తినే టికెట్టిస్తే, ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదనుకుని వెళ్ళాడు. చూస్తే బంతి చేతుల్లో ఉంది, కాళ్ళు మనుషుల మీద ఉన్నాయి. అయినా లేచి రాలేదు. దేశం దిగినప్పట్నుంచి సారీ, థాంక్యూ తప్ప నోరు విప్పని మనిషి, ఆ సాయంత్రం గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కనున్న తెల్లాయన వీపు కూడా తట్టాడు. అంతే — ఆ తర్వాత ఆ స్టేడియంలో జరిగే ఆట ఒక్కటీ వదల్లేదు.

కానీ ఆ శనివారం అతని మనసు ఆట మీద లేదు.

అతనుండే బేస్‌మెంట్‌ని సిటీ వాళ్ళు వచ్చి చూసిపోయారు. ఇంతమంది ఇక్కడ ఉండకూడదన్నారు. ఓనరు అందర్నీ నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. రూమ్మేట్ కిరీటి బ్రాంప్టన్‌లో బావ దగ్గరకి పోతున్నాడు. మిగతావాళ్ళకీ ఎవరో ఒకరు దొరికారు. కోదండరామ్‌కే ఎవరూ లేరు. క్రెడిట్ స్కోరు అడిగినవాడొకడు, ఫోన్లో పేరు వినగానే గది పోయిందన్నవాడొకడు. ఆ మధ్యాహ్నం గుట్ట మీద ఇంకో గది చూశాడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని మౌంటెన్ అంటారు, జమ్మికుంటవాడికి అది గుట్టే. తీరా చూస్తే అది గది కాదు, మెట్ల కింద అర. పడుకుంటే కాళ్ళు బయటికొస్తాయి. సరే, ముడుచుకుని పడుకుంటానని చెప్పబోతుంటే, వెనక నిలబడ్డ ఇంకో కుర్రాడు ముందే ఒప్పేసుకున్నాడు.

మంగళవారంతో నెల అయిపోతుంది. ఆ తర్వాత పరుపు ఎక్కడ వేయాలో తెలియదు. నవంబరు చలి పక్కనే ఉంది.

అట్నుంచటే ఆటకొచ్చాడు. పాత విద్యార్థులంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆట అది, గ్యాలరీలో ఇసక వేస్తే రాలదు. కిరీటీ, వాళ్ళ క్లాస్‌మేట్ చాందినీ సీటు ఆపుతామన్నారు, ఆపలేదు. కళ్ళెత్తి చూస్తే ఖాళీ ఉన్నది ఒక్కచోటే...

కిరీటి ఫోన్ చేసి, మామా, నిలబడైనా చూడుగానీ అక్కడికి మాత్రం పోకు అని బతిమాలాడు.

“దెయ్యం దగ్గర రూమ్ ఉందేమో అడిగొస్తా” అని కోదండరామ్ మెట్లెక్కాడు.

ఎక్కుతుంటే కింది గోల పల్చబడింది. లైట్ల వెలుగు ఆ మూలకి రాదు — లైటు స్తంభం నీడే దాని మీద పడుతుంది. దూరంగా స్టీలు ఫ్యాక్టరీ మంట ఎర్రగా ఊగుతోంది. గాలి చెవుల్లో సూదుల్లా దిగుతోంది. ధైర్యానికి ఫోను తీశాడు. సగం చార్జింగుంది. చూస్తుండగానే...

ఆరిపోయింది.

బెంచీ చివర దుప్పట్ల మూట ఒకటుంది. ఎవరో వదిలేసి పోయారనుకున్నాడు. దానికి ఇవతల కూర్చోబోయాడు.

మూట కదిలింది.

“అక్కడ కాదు...” అంది గుసగుసగా. “కొంచెం అవతలికి జరుగు.”

తెలుగులో.

కోదండరామ్ సగం వంగినవాడు అలాగే ఆగిపోయాడు. చిన్నప్పుడు నానమ్మ చెప్పింది గుర్తొచ్చింది — అనుమానమొస్తే ముందు పాదాలు చూడు, దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. మెల్లగా తల వంచి చూశాడు. పాదాలు రెండూ స్లీపింగ్ బ్యాగులో ఉన్నాయి. ఎటు తిరిగి ఉన్నాయో ఆ బ్యాగు కుట్టినవాడికే తెలియాలి.

“ఎవరండీ... మీరు?”

“దెయ్యాల.”

రెయిలింగు పట్టుకుందామని చెయ్యి చాపితే అది తిన్నగా ఇనప పలక మీదే పడింది. మంచులా ఉంది. అరుద్దామంటే, ఆ స్టేడియంలో అంత బాగా అరిచిన గొంతు, ఇప్పుడు పిల్లి కూన కూతకి కూడా పనికిరాలేదు.

“దెయ్యాల విశ్వేశ్వరరావు” అంది మూట, మంకీ క్యాపు పైకి తోసుకుంటూ. “అలా బిగుసుకుపోయావేంటయ్యా? మీ ఊళ్ళో ఇంటిపేర్లు ఉండవా?”

క్యాపు కింద తెల్ల మీసం ఉంది. మీసం మీద కాఫీ నురగ ఉంది. నురగ అంటుకునే మీసం దెయ్యానికి ఉండదని కోదండరామ్‌కి నమ్మకం కుదిరాక, అతనూ నవ్వాడు, ఆయనా నవ్వాడు.

ఆయన స్టీలు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడో గ్యాలరీ బాగుచేసేటప్పుడు చందా ఇస్తే, కాలేజీ వాళ్ళు ‘దెయ్యాల ఫ్యామిలీ’ అని పలక బిగించారు. ఫ్యామిలీని తుప్పు తినేసింది. ఆ ఇంటిపేరుతో స్కూల్లో పిల్లలు ఏడిపించారట. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రి మొహం చిట్లించాడట. పిల్ల మాత్రం, దెయ్యాల హైమావతి అంటే ఇంక ఎవడూ నా జోలికి రాడు, చేసుకుంటానని గది లోపల్నుంచే చెప్పేసిందట.

ఫోను సంగతి అడిగితే, చలికి బ్యాటరీ పడుకుంది, లోపలి జేబులో పెట్టుకో లేస్తుందన్నాడు. బెంచీ కుంగడం గురించి కోదండరామ్ అడగలేదు. అడగాలని తోచలేదు.

మరి ఇంత చలి మూలే ఎందుకంటే — అది హైమావతి ఎంచుకున్న చోటట. ఆవిడకి ఆట పిచ్చి. పిచ్చి అంటే చప్పట్లు కొట్టడం కాదు, బంతి జారవిడిచినవాణ్ణి వాడి ఏడు తరాలతో కలిపి తిట్టడం. కింద కూర్చుంటే ఏ తెలుగువాళ్ళ చెవిన పడుతుందోనని ఇక్కడికి ఎక్కేవారు.

“నాకు తిట్లు రావు” అన్నాడు విశ్వేశ్వరరావు, అదేదో తన లోటన్నట్టు. “ఆవిడ తిట్టేది. నేను కాఫీ పోసేవాణ్ణి.”

ఇద్దరి మధ్యా బెంచీ మీద ఎర్ర దుప్పటి ఒకటి మడత పెట్టి ఉంది. ఆంటీ రాలేదా అని అడిగితే ఆయన వచ్చిందన్నాడు. బాత్రూమ్‌కి వెళ్ళారేమో అనుకున్నాడు కోదండరామ్.

ఆట సాగుతోంది, మాటలూ సాగుతున్నాయి. మాటల్లో ముసలాయన, ఇల్లంతా ఖాళీ, గదులు ఊడ్చలేక చస్తున్నానన్నాడు. కోదండరామ్ అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాడు. చివరికి అడిగేశాడు — బేస్‌మెంట్ సంగతీ, మంగళవారం సంగతీ, మెట్ల కింద అర సంగతీ అన్నీ చెప్పి అడిగాడు.

విశ్వేశ్వరరావు మొహం తలుపేసినట్టు మూసుకుపోయింది. కాలేజీ వాళ్ళు అడిగారట, గుళ్ళో వాళ్ళు అడిగారట, ఎవరికీ ఇవ్వలేదట. హైమ ఒప్పుకోదు, అంతే.

“నేను మాట్లాడుకుంటా అంకుల్. ఆంటీ ఎక్కడున్నారు?”

ఆయన గడ్డంతో ఎర్ర దుప్పటి వైపు చూపించాడు.

“అడుగు.”

కోదండరామ్ దుప్పటిని చూశాడు. ఆయన్ని చూశాడు. మళ్ళీ దుప్పటిని చూశాడు.

“పోయి చాలా కాలమైంది” అన్నాడు విశ్వేశ్వరరావు. “సీటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.”

గాలి ఒక్కసారి ఆగింది...

ఇంకోడైతే ఆ మెట్లు దిగి ఎడ్మంటన్ దాకా ఆగకుండా పరిగెత్తేవాడు. కోదండరామ్ మాత్రం లెక్క వేసుకున్నాడు. దెయ్యానికి భయపడి పారిపోవాలన్నా, పారిపోయి దూరడానికి ఒక ఇల్లుండాలి. ఆ ఇల్లే లేదు. అందుకని దుప్పటి వైపు సగం తిరిగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాలేజీ సీటుకి ఇంటర్వ్యూ ఇచ్చినట్టు కూర్చున్నాడు.

“ఆంటీ... నా పేరు కోదండరామ్. మాది జమ్మికుంట. వంటొస్తది, సిగరెట్ అలవాటు లేదు.” తర్వాత అసలు సంగతికొచ్చాడు. “పండుకోనీకి జాగ లేదు ఆంటీ.”

కింద కిరీటి మెడ తిప్పి ఇటే చూస్తున్నాడు. ఖాళీ బెంచీతో మాట్లాడుతున్న స్నేహితుణ్ణి చూసి, పట్టేసిందని చాందినితో చెప్పాడట. దండం కూడా పెట్టాడట.

“ఏవన్నా అందా?” అని అడిగాడు విశ్వేశ్వరరావు. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగాడు.

ఉండమన్నారని చెప్పేస్తే పోయేది. ఆ మాట కోదండరామ్ నాలుక చివరిదాకా వచ్చింది. ముసలాయన అతని నోటినే చూస్తున్నాడు... ఆ చూపు ముందు అబద్ధం బయటికి రాలేదు.

“ఏమీ అనలేదు అంకుల్.”

“అనదు” అని ఆయన మొహం మైదానం వైపు తిప్పుకున్నాడు.

ఆట చివరికొచ్చింది. రెండు జట్లకీ స్కోరు సమానం. మనవాడు బంతిని రెండు స్తంభాల మధ్యకి తన్నాలి, పోతే గెలుపు చేజారినట్టే. గ్యాలరీ అంతా లేచి నిలబడింది. పరిగెత్తుకొచ్చాడు... తన్నాడు...

సరస్సు గాలి బంతిని పక్కకి లాక్కుపోయింది. తప్పింది.

అందరూ ఉసూరుమన్నారు. కానీ కెనడావాళ్ళ ఆటలో ఒక మెలిక ఉంది. గురి తప్పినా సరే, స్తంభాల వెనక పడిన బంతిని అవతలివాళ్ళు బయటికి తేలేకపోతే, తన్నినవాళ్ళకి ఒక పాయింటిస్తారు. అవతలివాడు బంతి అందుకుని పరిగెత్తాడు. ఇటు తిరిగాడు, అటు తిరిగాడు, ముగ్గురు కలిసి వాణ్ణి అక్కడే నేలకేసి అదిమారు.

ఒక్క పాయింటు. గెలిచాం.

గ్యాలరీ బద్దలైంది. కోదండరామ్ బెంచీ మీదకెక్కి మంగళవారాన్ని మరిచి అరిచాడు. ఆ హోరులో — చెవి పక్కనే, చలిలో వెచ్చగా తగిలే ఊపిరితో — ఆడగొంతు.

“వీడి కాళ్ళు విరగ. అంత దగ్గర్నుంచి తిన్నగా తన్నలేడూ...”

వెనక్కి తిరిగాడు. వెనక గోడ. గోడ అవతల ఆకాశం.

గొంతు తగ్గింది. మెత్తబడింది.

“మీ అంకుల్‌తో చెప్పు. పై గదివ్వమను. కిందది చలి.”

కోదండరామ్ నోరు అరిచిన అరుపు దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది. మెల్లగా బెంచీ దిగాడు. దుప్పటికి వీలైనంత ఎడంగా కూర్చున్నాడు.

“అంకుల్... పై గదివ్వమంటున్నరు. కిందది చలంట.”

కాఫీ కప్పు విశ్వేశ్వరరావు మూతి దగ్గర ఆగిపోయింది.

“నీకెవరు చెప్పారు?”

కోదండరామ్ చూపు దుప్పటి మీదకి పోయింది.

“కింద గది హీటరు ఇవాళ పొద్దున్నే చెడింది. నేనింకా ఎవరికీ ఫోనైనా చేయలేదు.”

కింద బ్యాండు మోగుతోంది. జనం పాడుతున్నారు. ముసలాయన కప్పు పక్కన పెట్టి, ఎర్ర దుప్పటి వైపు మెల్లగా తిరిగాడు. ఆ మొహంలో భయం లేదు. పచ్చి కోపం ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

“హైమా” అన్నాడు. “ఇన్నేళ్ళుగా పక్కనే కూర్చుంటున్నానే... నాతో ఒక్క ముక్క మాట్లాడావా? ముక్కూ మొహం తెలీనివాడు ఇవాళొస్తే... వాడితో మాట్లాడతావా?”